తాహో సరస్సు పడవ తనిఖీ కేంద్రాలు: పనితీరు ఎలా ఉంది, ఏం సిద్ధం చేసుకుని వెళ్ళాలి

కాలిఫోర్నియా, నెవాడా సరిహద్దులో, సముద్రమట్టానికి 6,225 అడుగుల ఎత్తున ఉంది తాహో సరస్సు. దాని కోసం పనిచేసినవాళ్ళను గుర్తించడానికి తాహో రీజినల్ ప్లానింగ్ ఏజెన్సీ, అంటే టీఆర్‌పీఏ, 'లేక్ స్పిరిట్' పేరుతో అవార్డులు ఇస్తుంటుంది. ఏళ్ళ తరబడి స్వచ్ఛందంగా పాటుపడినవాళ్ళు, ఇదే రంగంలో ఉద్యోగం చేస్తున్నవాళ్ళు ఆ జాబితాలోకి వస్తారు. శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియా నుంచి పడవను ట్రైలర్ మీద పెట్టుకుని కొండెక్కి వచ్చేవాళ్ళకు మాత్రం సరస్సు కంటే ముందు తగిలేది, పడవలతో పాటు బయటి జీవులు సరస్సులోకి రాకుండా చూసే, రోడ్డు పక్కనున్న తనిఖీ కేంద్రం. టార్చిలైటు పట్టుకుని పడవ కింద పడుకుని చూసే ఇన్‌స్పెక్టర్ల పని ఎలా ఉందో చెప్పడానికే ఈ సమీక్ష.

మార్కులు ముందే వేసేస్తాం. పని నాణ్యతకు అయిదుకు అయిదు. ఎదురుచూపుకు మూడు. నియమాలను కొత్తవాళ్ళకు అర్థమయ్యేలా చెప్పడంలో రెండున్నర.

ఇంత కట్టుదిట్టం ఎందుకో తెలిస్తే క్యూలో చిరాకు కొంత తగ్గుతుంది. తాహోలోకి 63 వాగులు వస్తాయి, బయటికి పోయేది ఒక్క ట్రకీ నది. అది కూడా సముద్రం చేరదు, నెవాడా ఎడారిలోని పిరమిడ్ సరస్సులో ఆగిపోతుంది. తాహో గరిష్ఠ లోతు 1,645 అడుగులు. ఇందులో చేరిన నీటి చుక్క బయటపడటానికి సగటున 650 ఏళ్ళు పడుతుందని లెక్క. ఇలాంటి చోట ఏ జీవి కాలు పెట్టినా దాన్ని మళ్ళీ పంపించడం కుదరదు. 1960లలో ట్రౌట్ చేపలకు మేతగా ఉంటుందని మైసిస్ అనే చిన్న రొయ్యను ప్రభుత్వమే తెచ్చి వదిలింది. అది పగలు లోతుకు దిగిపోయి చేపలకు చిక్కలేదు సరికదా, నీటిని వడగట్టి శుభ్రంగా ఉంచే డాఫ్నియా అనే సూక్ష్మజీవులను తినేసింది. మన కొల్లేటిలో గుర్రపు డెక్కతో పడే పాట్లు తెలిసినవాళ్ళకు ఇంతకంటే వివరించనక్కర్లేదు.

2007 జనవరిలో దక్షిణ నెవాడాలోని లేక్ మీడ్‌లో క్వాగా మస్సెల్ అనే ఆల్చిప్ప బయటపడింది. ఆ మరుసటి ఏడాది, 2008లో, తాహోలో మోటారు పడవల తనిఖీని తప్పనిసరి చేశారు. 2024 అక్టోబరులో సమస్య ఇంకా దగ్గరికి వచ్చింది. శాక్రమెంటో, శాన్ వాకీన్ నదుల డెల్టాలో, స్టాక్‌టన్ ఓడరేవు దగ్గర, గోల్డెన్ మస్సెల్ కనిపించింది. ఉత్తర అమెరికాలో అది కనపడటం అదే మొదటిసారి. క్వాగాకు గుల్ల కట్టుకోవడానికి నీళ్ళలో కాల్షియం బాగా ఉండాలి. తాహో నీళ్ళలో కాల్షియం తక్కువ కాబట్టి కాస్త భరోసా ఉండేది. గోల్డెన్ మస్సెల్ తక్కువ కాల్షియంలోనూ బతుకుతుంది. పైగా డెల్టా నుంచి తాహోకు పడవ తేవడం ఒక్కపూట ప్రయాణం. అందుకే 2025 సీజన్ నుంచి, తాహో సీలు (పడవను ట్రైలర్‌కు కలిపి వేసే తీగ ముద్ర) చెక్కుచెదరకుండా ఉన్న పడవలకు తప్ప మిగతా మోటారు పడవలన్నిటికీ వేడినీటి శుద్ధి తప్పనిసరి చేశారు. పడవ ఎంత శుభ్రంగా కనిపించినా సరే. ఈ ఆల్చిప్ప పిల్లలు కంటికి కనపడవు, ఒక చెంచాడు నీళ్ళలో దాక్కుంటాయి కాబట్టి ఇందులో వాదనకు తావు లేదు.

కేంద్రాలను నడిపేది తాహో రిసోర్స్ కన్సర్వేషన్ డిస్ట్రిక్ట్, నియమాలు టీఆర్‌పీఏవి. ఐ-80 హైవే మీదుగా వచ్చేవాళ్ళకు ట్రకీ, తాహో సిటీ అనే ఊళ్ళ మధ్య ఆల్పైన్ మెడోస్ దగ్గర ఉన్నది అనువు. హైవే 50 మీద వచ్చేవాళ్ళకు మేయర్స్ కేంద్రం దారిలోనే తగులుతుంది. నెవాడా వైపు స్పూనర్ సమ్మిట్ ఉంది. సీజన్‌ను బట్టి తెరిచే కేంద్రాలు, వేళలు మారతాయి కాబట్టి బయల్దేరే ముందు టీఆర్‌పీఏ పడవ తనిఖీ వెబ్‌సైటులో చూసుకుని అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. శుక్రవారం సాయంత్రం బయల్దేరి శనివారం పొద్దున్నే పడవ దించేద్దామనుకునేవాళ్ళే ఎక్కువ ఇబ్బంది పడతారు. జులై 4 వారంలో అయితే చెప్పనక్కర్లేదు. శుద్ధికి పట్టే సమయం పడవను బట్టి ఉంటుంది. లోపల నీళ్ళ ట్యాంకులు లేని చిన్న చేపల పడవ త్వరగా అయిపోతుంది, వేక్‌బోర్డు పడవ ఆ పూట తినేస్తుంది.

ఇప్పుడు అసలు పని. ఇన్‌స్పెక్టరు మొదట అడిగేది పడవ ఆఖరిసారి ఏ నీళ్ళలో ఉందని. నిజం చెప్పండి. డెల్టా అన్నారని వెనక్కి పంపరు, ఎక్కడెక్కడ ఎక్కువసేపు కడగాలో తెలుసుకుంటారంతే. తర్వాత అడుగుభాగాన్ని కళ్ళతో, అంతకంటే ఎక్కువగా వేళ్ళతో చూస్తారు. అప్పుడే అతుక్కున్న ఆల్చిప్ప పిల్ల చేతికి గరుకు కాగితంలా తగులుతుంది, కంటికి ఆనదు. నీళ్ళు పీల్చుకునే జాలీ, ప్రొపెల్లర్ ఇరుసు, ట్రిమ్ ట్యాబుల (పడవ వెనక ఉండే కదిలే రేకుల) వెనక భాగం, లంగరు పెట్టే గూడు, పట్టిన చేపలు వేసే తొట్టి, అన్నీ వరసగా చూస్తారు. చాలామంది మరిచిపోయేది ట్రైలర్. పడవ ఆనే దిమ్మెలకు చుట్టిన కార్పెట్ నీళ్ళు పీల్చుకుని రోజుల తరబడి తడిగానే ఉంటుంది. దాని మడతల్లో యూరేషియన్ వాటర్‌మిల్‌ఫాయిల్ అనే కలుపుమొక్క ముక్క ఇరుక్కుంటే చాలు. వేలెడు కాడ నుంచి కొత్త మొక్క లేస్తుంది.

వేడినీళ్ళు 140 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 60 డిగ్రీల సెల్సియస్. నాజిల్ దగ్గర అంత వేడి ఉంటే సరిపోదు, పడవకు తగిలే చోట ఉండాలి. గాలిలో జానెడు దూరం పోయేసరికే వేడి దిగిపోతుంది. అందుకే మంచి ఇన్‌స్పెక్టరు నాజిల్‌ను దగ్గరగా పట్టుకుని నిదానంగా జరుపుతాడు. 'ఇంత నెమ్మదేంటి' అని విసుక్కునేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. హడావిడిగా కారు కడిగినట్టు కడిగితే ఆల్చిప్పలకు వెచ్చటి స్నానం చేయించినట్టే.

ఇంజన్‌ను లోపలి నుంచి కడగడానికి దాన్ని స్టార్ట్ చేయాలి. తాళంచెవి ఇంట్లో మరిచిపోయినా, చలికాలమంతా వాడక బ్యాటరీ దిగిపోయినా అపాయింట్‌మెంట్ పోయినట్టే. అవుట్‌బోర్డు ఇంజనుకు నీళ్ళు తీసుకునే రంధ్రాల మీద రబ్బరు మూతలు బిగించి, ముందు నీళ్ళు వదిలి, తర్వాత ఇంజన్ ఆన్ చేస్తారు. జెట్ స్కీకి వరస తిరగబడుతుంది: ముందు ఇంజన్, తర్వాత నీళ్ళు. ఆపేటప్పుడు ముందు నీళ్ళు కట్టేసి తర్వాత ఇంజన్ ఆపాలి, లేకపోతే సైలెన్సర్ దారిన నీళ్ళు ఇంజన్లోకి చేరతాయి. కేంద్రాల్లో ఈ తేడా బాగా తెలిసినవాళ్ళే ఉంటారు. ఇంట్లో సొంతంగా గార్డెన్ పైపుతో కడిగేవాళ్ళే పొరపాటు పడుతుంటారు.

అన్నిటికంటే తలనొప్పి వేక్‌బోర్డు పడవల్లోని బ్యాలస్ట్ ట్యాంకులు. వెనక పెద్ద అల లేవడానికి వీటిలో సరస్సు నీళ్ళు నింపుతారు. పంపు పెట్టి ఖాళీ చేశామనుకున్నా, పంపు నోటికి అందని నీళ్ళు అడుగున కొన్ని గాలన్లు మిగిలిపోతాయి. ట్యాంకు విప్పకుండా వాటిని పూర్తిగా తీయడం దాదాపు అసాధ్యం. ఇక్కడ 140 డిగ్రీల నీళ్ళు పోస్తే పంపులు, రబ్బరు సీళ్ళు పాడైపోతాయి. కాబట్టి 120 డిగ్రీల దగ్గర ఉంచి, ఆ లోటును ఎక్కువసేపు ఉంచడంతో పూడుస్తారు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే బ్యాలస్ట్ ఉందని చెప్పకపోతే మీ వెనకున్నవాళ్ళందరి టైమూ తలకిందులవుతుంది.

ఇంటి దగ్గరే చేసుకుని వెళ్ళాల్సినవి ఇవి. పడవ అడుగు బిరడా తీసి, ముక్కు పైకి ఉండేలా ట్రైలర్ను వాలుగా నిలిపి, బిల్జ్‌లో, అంటే పడవ అడుగు గుంటలో, చేరిన నీళ్ళన్నీ పోనివ్వాలి. అవుట్‌బోర్డు ఇంజన్‌ను పూర్తిగా కిందికి దించితేనే లోపలి నీళ్ళు కారతాయి, పైకి ఎత్తి ఉంచితే కారవు. చేపల తొట్టి, ఐస్ పెట్టె, లైఫ్ జాకెట్లు, తాళ్ళు, అన్నీ ఎండలో ఆరాలి. సీట్ల కింద అరలు తెరిచి స్పాంజితో తుడిచి, మూతలు తెరిచే ఉంచాలి. బిరడా బిగించకుండానే ప్రయాణం చేయాలి, కానీ నీళ్ళలో దించేముందు బిగించడం మరిచిపోతే ఆ కథ వేరేగా ఉంటుంది. ఇంకొకటి, పాత టూ-స్ట్రోక్ కార్బురేటర్ ఇంజన్లకు తాహోలో 1999 నుంచి అనుమతి లేదు. ఎవరి దగ్గరో చవగ్గా కొన్న పాత పడవకు ఇది ముందే చూసుకోండి, తనిఖీ దాకా వెళ్ళి వెనక్కి రావడం ఎందుకు?

శుద్ధి అయ్యాక పడవ ముక్కును ట్రైలర్‌కు తీగతో కలిపి సీలు వేస్తారు. దాన్ని పడవను నీళ్ళలోకి దించే ర్యాంపు దగ్గరున్న సిబ్బందే తెంపాలి. దారిలో మీరే తెంపితే మొదటికి వస్తుంది. తిరిగి వెళ్ళేటప్పుడు ర్యాంపులో కొత్త సీలు వేయించుకుంటే, మధ్యలో వేరే నీళ్ళలో దించనంతవరకూ, మళ్ళీ వచ్చినప్పుడు శుద్ధి అక్కర్లేదు. ఏటా రెండు మూడుసార్లు తాహో వెళ్ళేవాళ్ళు ఈ ఒక్క పనితో బోలెడంత సమయం మిగుల్చుకోవచ్చు. అయినా ర్యాంపులో సీలు అడిగి వేయించుకోకుండా వెళ్ళిపోయేవాళ్ళు ఎందరో. రుసుము పడవ పొడవును బట్టి, వేరే చోట్ల కూడా దించుతారా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఏ స్టిక్కరు ఎవరికో, సీలుకూ స్టిక్కరుకూ తేడా ఏమిటో కొత్తవాళ్ళకు మొదటి చదువులో అంతుపట్టదు. రెండున్నర మార్కులు అందుకే. స్టిక్కరు అంటే రుసుము కట్టినట్టు, సీలు అంటే పడవ శుభ్రంగా ఉన్నట్టు. ఈ రెండు ముక్కలు మొదటి పేజీలో రాస్తే సగం ఫోన్లు తగ్గుతాయి.

మన తెలుగువాళ్ళలో సొంత మోటారు పడవలు ఉన్నవాళ్ళు తక్కువే. బే ఏరియాలోని ఫ్రీమాంట్, డబ్లిన్, శాన్ రమోన్ ఇళ్ళ గరాజుల్లో కనిపించేవి గాలి కొట్టే కయాక్‌లు, ప్యాడిల్ బోర్డులు. 'మాకు మోటారు లేదుగా' అని వీటిని తేలిగ్గా తీసుకుంటారు. డెల్టా నీళ్ళు కాలవల ద్వారా బే ఏరియా జలాశయాలకూ వెళ్తాయి. ఓ వారం అక్కడ తిప్పి, మడిచి సంచిలో పెట్టి, మరుసటి వారం తాహోలో విప్పితే, ఆ మడతల్లోని తడి అలాగే వస్తుంది. గాలి కొట్టే కయాక్‌లో నీళ్ళు దాగేది నేల పొరకూ పక్క గొట్టాలకూ మధ్య కుట్టు దగ్గర. ప్యాడిల్ బోర్డులో రెక్క బిగించే పెట్టె దగ్గర, కాలికి కట్టుకునే తాడు పట్టీలో. గాలి సగం తీసి, తిరగేసి, ఆ కుట్టుల్లోకి పాత తువ్వాలు చొప్పించి తుడవాలి. తర్వాత పూర్తిగా గాలి కొట్టి, వేసవి అయితే కనీసం వారం ఎండలో ఆరనివ్వాలి. తడిగా తెచ్చినవాటిని తనిఖీవాళ్ళు ఆపుతారు. కొన్ని తీరాల్లో సీడీ3 అనే, నీళ్ళు అక్కర్లేని శుభ్రపరిచే యంత్రం ఉంటుంది. అందులో పీల్చే గొట్టం, గాలి ఊదే గొట్టం, బ్రష్షు ఉంటాయి. పిల్లల చేత ఊదించండి, సరదాగా చేస్తారు.

ఇదంతా తలనొప్పి అనిపిస్తే సులువైన దారి ఒకటుంది: తాహోలోనే అద్దెకు తీసుకోవడం. అక్కడి పడవలు అక్కడే ఉంటాయి కాబట్టి తనిఖీ గొడవే లేదు. ఏడాదికి ఒక్కసారి వెళ్ళే కుటుంబానికి మా సలహా ఇదే. అద్దె పడవకైనా ఒడ్డు నుంచి 600 అడుగుల లోపల వేగం గంటకు 5 మైళ్ళు దాటకూడదు. ఎమరాల్డ్ బే మొత్తానికీ అదే నియమం.

ఈ తనిఖీ పటిష్ఠంగా ఉన్నా, తాహో కలుపు లేని సరస్సేమీ కాదు. దక్షిణాన ఇళ్ళ మధ్య తవ్విన తాహో కీస్ కాలవలు మిల్‌ఫాయిల్‌తో నిండిపోయాయి. అక్కడ 2022లో తొలిసారి కలుపు మందును, అతినీలలోహిత కాంతిని పక్కపక్కన పెట్టి ప్రయోగించారు. ఎమరాల్డ్ బే నోటి దగ్గర ఆసియా గుల్లల మీద ఎకరాల కొద్దీ రబ్బరు చాపలు పరిచి ఊపిరాడకుండా చేశారు. 2023లో న్యూజిలాండ్ మడ్ స్నెయిల్ అనే బియ్యపుగింజంత నత్త కనిపించింది. ఒక్కో పనికీ డైవర్లు, పడవలు, ఏళ్ళ తరబడి డబ్బు కావాలి. దీని ముందు పడవకు గంటసేపు వేడినీళ్ళు పోయడం ఎంత చవకో ఎవరికైనా అర్థమవుతుంది.

జీతం లేకుండా పనిచేసే సైన్యం వేరే ఉంది. 1957 నుంచి పనిచేస్తున్న లీగ్ టు సేవ్ లేక్ తాహో సంస్థ వాలంటీర్లలో పైప్ కీపర్స్ అనేవాళ్ళు వాన కురుస్తుండగానే వాననీటి గొట్టాల నోటి దగ్గర సీసాలు పట్టుకుని నిలబడతారు. ఎందుకంటే సరస్సు స్వచ్ఛతను దెబ్బతీసే సన్నటి రోడ్డు దుమ్ము తొలి వాన నీళ్ళతోనే కొట్టుకొస్తుంది, వాన వెలిశాక పట్టిన శాంపిల్ ఎందుకూ పనికిరాదు. నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయో కొలవడానికి సరస్సులోకి దించే తెల్ల పళ్ళెం ఒకటుంది; 1968లో 102 అడుగుల లోతు వరకు కనపడిన ఆ పళ్ళెం 2024 సగటులో 62 అడుగుల దగ్గరే కనుమరుగైంది. ఆ పళ్ళెం కొలతలను అప్పటి నుంచి ఆపకుండా తీస్తున్నది యూసీ డేవిస్ విశ్వవిద్యాలయంవాళ్ళు. క్లీన్ అప్ ద లేక్ సంస్థ డైవర్లు 72 మైళ్ళ తీరం చుట్టూ 25 అడుగుల లోతు వరకు ఈది, 2022 మే నెల నాటికి 25,000 పౌండ్లకు పైగా చెత్త తీశారు. చలికాలంలో వెళ్ళేవాళ్ళకు ఓ మాట: మంచు మీద జారే చవక ప్లాస్టిక్ బండ్లు విరిగితే ముక్కలన్నీ ఏరి కారులో వేసుకుని రండి. మంచు కరిగాక అవి చేరేది ఈ నీళ్ళలోకే.

ఇక గుర్తింపు సంగతి. లేక్ స్పిరిట్ అవార్డు ఏటా కొద్దిమందికే దక్కుతుంది, అది సహజం. ఎక్కువగా ఏళ్ళ తరబడి పేరు వినపడినవాళ్ళకే దక్కుతుంది, అదీ సహజమే. వేసవి మూడు నాలుగు నెలలకు పనిలో చేరే ఇన్‌స్పెక్టరు ఆ చట్రంలో ఇమడటం కష్టం. మా అభిప్రాయం ప్రకారం వాళ్ళకు విడిగా ఒక విభాగం ఉండాలి. నామినేషన్లు పిలిచినప్పుడు, 'ఎంతో కష్టపడుతున్నారు' అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. ఏ కేంద్రంలో, ఏ తేదీన, పడవలో ఏ మూల ఏం పట్టుకున్నారు, దాన్ని మీకు ఎలా వివరించారు అన్నది రాయండి. అంత ఓపిక లేకపోతే ఆ రోజే రసీదు మీదున్న కేంద్రం పేరుతో మెయిల్ పంపండి, పర్యవేక్షకులకు చేరుతుంది. డబ్బు టిప్పుగా ఇవ్వబోవద్దు. మధ్యాహ్నం ఎండలో మీ అపాయింట్‌మెంట్ ఉంటే ట్యాంకులు ఖాళీగా, బిరడా తీసి, అరలన్నీ తెరిచి, తాళంచెవి చేతిలో పట్టుకుని వెళ్ళండి. మీ తర్వాత వరసలో ఉన్న పడవ కూడా టైముకే నీళ్ళలో దిగుతుంది.